పాఠశాల జట్టుకు క్రీడాశిక్షకుని ఎంపిక

మన విద్యాసంస్థలలో గణితం బోధించడానికి ఒకరిని నియమించవలసి వచ్చినపుడు, అభ్యర్థిని తరగతి గదిలోకి పంపి, నల్లబల్ల ముందు నిలబెట్టి, ఒక మాదిరి పాఠం చెప్పించి గాని ఉద్యోగం ఇవ్వరు. ఎమ్మెస్సీలో ఎన్ని మార్కులు వచ్చి ఉన్నా సరే, పిల్లలకు అర్థమయ్యేటట్లు చెప్పగలడా లేదా అన్నది కంటితో చూసుకుంటారు. అదే పాఠశాల ఫుట్‌బాల్ జట్టుకో, కబడ్డీ జట్టుకో శిక్షకుని ఎన్నుకొనేటప్పుడు మాత్రం ఆ జాగ్రత్త ఎక్కడికి పోతుందో తెలియదు. బల్లకు ఆవల నలుగురు పెద్దలు, ఈవల పతకాల సంచితో ఒక అభ్యర్థి. ఏ స్థాయి వరకు ఆడారు, మాకు ఎన్ని కప్పులు తెస్తారు అన్న రెండు ప్రశ్నలు. పది నిమిషాలలో పని ముగుస్తుంది. మైదానం కిటికీలో నుండి కనబడుతూనే ఉంటుంది. అటు ఎవరూ అడుగు పెట్టరు.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ముఖ్యంగా ఒక్క విషయం. శిక్షకుడు కూడా ఉపాధ్యాయుడే. కనుక అతనిని పిల్లల మధ్య, మైదానంలో, పని చేస్తుండగా చూచి ఎన్నుకోవలెను. తక్కినవన్నీ, అంటే పతకాలు, ధ్రువపత్రాలు, సిఫారసు లేఖలు, ఈ ఒక్క దానికి అనుబంధాలు మాత్రమే.

ఇంతగా నొక్కి చెప్పడానికి కారణం ఉన్నది. పాఠశాల విద్యార్థికి తన శిక్షకునితో ఏర్పడే సంబంధం తరగతి ఉపాధ్యాయునితో ఉండేదానికంటె దగ్గరిది. తెల్లవారుజామున, సాయంకాలం, పొరుగూరి పోటీలకు బస్సులో పోయినపుడు, రాత్రి బసలో, తల్లిదండ్రులు గాని ప్రధానోపాధ్యాయులు గాని లేని సమయాలలో ఆ బిడ్డ బాధ్యత అతని చేతిలో ఉంటుంది. తాను బలవంతుడనో బలహీనుడనో అన్న భావన పదమూడేళ్ల వయస్సులో పిల్లవాని మనస్సులో నాటుకొనేది చాలావరకు ఈ మైదానంలోనే. ఇటువంటి పదవికి మనిషిని పది నిమిషాలలో ఎన్నుకోవడం సాహసమే అనవలెను.

మాకు తెలిసిన ఒక ఉన్నత పాఠశాల సంగతి చెప్పుతాము. ఊరు, పేరు ఇక్కడ అనవసరం. అక్కడ జిల్లా స్థాయిలో పేరు పొందిన ఒక ఆటగాణ్ణి, ఆ పేరును చూచియే, శిక్షకునిగా తీసుకున్నారు. మొదటి సంవత్సరం జట్టు రెండు పోటీలు గెలిచింది కూడా. మరుసటి ఏడు ఒక పోటీలో గోలు కాపరిగా నిలిచిన తొమ్మిదవ తరగతి బాలునికి ఎదుటివాని మోకాలు తలకు తగిలింది. కొంతసేపు తూలాడు, ఆట ఎక్కడ జరుగుతున్నదో కూడా చెప్పలేకపోయాడు. ముఖంపై నీళ్లు చల్లి, మగవాడివి కావా అని అదలించి, చివరిదాకా అతనినే ఆడించారు. ఆ రాత్రి బాలుడు వాంతులతో ఆస్పత్రిలో చేరవలసి వచ్చింది. ప్రాణానికి ముప్పు తప్పింది. కాని తల్లి మరి ఏనాడూ కొడుకును మైదానానికి పంపలేదు. ఆ శిక్షకుడు దుర్మార్గుడని మేము అనము. తన చిన్నతనంలో తనను ఎట్లా ఆడించారో అతడు అట్లాగే ఆడించాడు. తలకు దెబ్బ తగిలిన పిల్లవానిని ఏం చేస్తావు అని నియామకం నాడు ఎవరైనా అడిగి ఉంటే, అతనికి తెలియదన్న సంగతి ఆనాడే తేలిపోయేది. తలకు గట్టి దెబ్బ తగిలి తికమకపడిన పిల్లవానిని వెంటనే ఆట నుండి తప్పించి, ఆనాడు మళ్లీ ఆడనీయకుండా వైద్యునికి చూపించవలెనన్నది నేడు అన్ని క్రీడలలోను ఒప్పుకొన్న నియమం.

గొప్ప ఆటగాడే గొప్ప శిక్షకుడు అవుతాడన్న నమ్మకం మనవారిలో పాతుకొని ఉన్నది. దానిని పరీక్షించడానికి హైదరాబాదు నగరం దాటి పోనక్కరలేదు. 1909లో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం, ఫుట్‌బాల్ లోకానికి రహీం సాబ్, వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయుడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, పాఠాలు చెప్పుతూ, తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొందినవాడు. యౌవనంలో స్థానిక జట్లలో ఆడినాడే గాని భారత జట్టు చొక్కా ఎన్నడూ తొడగలేదు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నాడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకం సాధించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానం పొందింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు అదే.

రహీం సాబ్ పద్ధతులలో ఉపాధ్యాయుడే కనబడతాడు. కుడికాలు అలవాటైన వారు ఎడమకాలితోనే ఆడవలసిన పోటీలు, బంతిని కాలివద్ద ఉంచుకోకుండా వెంటనే అందించవలసిన పోటీలు యువకులకు ఆయన ఏర్పాటు చేసేవారని ఆనాటి ఫుట్‌బాల్‌ను గురించి రాసినవారు చెప్పుతారు. ఇది గణితోపాధ్యాయుడు విద్యార్థి బలహీనమైన అధ్యాయం నుండే లెక్కలు ఇవ్వడం వంటిది. 1962 ఫైనల్‌లో తలకు గాయమైన రక్షక ఆటగాడు జర్నైల్ సింగును ముందు వరుసలో నిలిపి ఆడించగా, దక్షిణ కొరియాపై సాధించిన 2-1 విజయంలో ఒక గోలు అతనిదే అయింది. (తలకు గాయమైన వానిని ఆడించిన ఆ పద్ధతి నేటి నియమాలకు సరిపోదు, పెద్దలైన వృత్తి క్రీడాకారుల నాటి కథను పాఠశాల పిల్లలకు ఆదర్శంగా తీసుకోరాదని వేరుగా చెప్పనక్కరలేదు.)

రహీం సాబ్ జీవితంలో యాజమాన్యాలు గమనించదగినది మరొకటి ఉన్నది. 1952 హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో ఆయన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 గోలులతో ఓడిపోయింది. ఆనాడే ఆయనను శాశ్వతంగా పక్కన పెట్టి ఉంటే మెల్బోర్న్ లేదు, జకార్తా లేదు. మన పాఠశాలలలో మండల స్థాయి పోటీలో మొదటి రౌండులో ఓడినందుకే శిక్షకుని మార్చివేసిన సందర్భాలు ఎన్ని లేవు?

అట్లని గొప్ప ఆటగాడు శిక్షకుడు కాజాలడని మా వాదం కాదు. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ విజేత. ఆయన శిక్షణలోనే సైనా నెహ్వాల్ 2012లో ఒలింపిక్ కాంస్యం, పి.వి. సింధు 2016లో రజతం సాధించారు. కాని గోపీచంద్‌కు శిక్షణ ఇచ్చిన వారిలో ఒకరైన ఎస్.ఎం. ఆరిఫ్, 2000వ సంవత్సరానికి ద్రోణాచార్య పురస్కారం పొందిన హైదరాబాదు వాసి, ప్రపంచ విజేతగా కాక గురువుగానే పేరు పొందాడు. రెండు రకాల వారూ ఉన్నారు. కాబట్టి ఆటగానిగా అభ్యర్థికి ఉన్న పేరు మనకు ఏ నిర్ణయమూ చేసి పెట్టదు.

ధ్రువపత్రాల విషయం క్లుప్తంగా చెప్పుతాము. బి.పి.ఇడి., డి.పి.ఇడి. అన్నవి వ్యాయామోపాధ్యాయునికి కావలసిన శిక్షణలు. వాటిలో అన్ని ఆటల పరిచయమూ ఉంటుంది. ఒక ఆటలో ప్రత్యేక శిక్షకునిగా తయారు చేసేది 1961లో పాటియాలాలో నెలకొల్పబడిన జాతీయ క్రీడా సంస్థ ఇచ్చే డిప్లొమా. ఆ సంస్థయే ఆరు వారాల ధ్రువపత్రం కూడా ఇస్తుంది. రెండింటి మీదా ఒకే సంస్థ పేరు ఉండడం వలన సంఘ సభ్యులు పొరబడడం కద్దు. కాగితం చివరి వరకు చదువవలెను. ఆరు వారాల పత్రం పనికిరాదని కాదు. చిన్న పాఠశాలకు అది చాలు కూడా. అయితే దేనిని దేనిగా లెక్కిస్తున్నామో తెలిసి ఉండాలి.

ఇక అసలు పరీక్ష. అభ్యర్థుల నుండి ముగ్గురినో నలుగురినో వడబోసిన తరువాత, ఒక్కొక్కరికి పదహారు మంది పిల్లలను, నాలుగు బంతులను, అరగంట సమయాన్ని ఇవ్వవలెను. పిల్లలలో జట్టులో ఉన్నవారు సగం, ఎన్నడూ ఆడనివారు సగం ఉండాలి. అందరికీ ఒకే పని చెప్పాలి. ఫుట్‌బాల్ అయితే బంతిని సహచరునికి అందించడం నేర్పమని చెప్పవచ్చు. సంఘ సభ్యులు గట్టు మీద కూర్చొని మాట్లాడకుండా చూడాలి. చూడవలసినది శిక్షకుని ఆటను కాదు, పిల్లల కాళ్లను. పదిహేను మంది వరుసలో నిలబడి, ఒకడు మాత్రమే బంతి తన్నుతున్నాడా? లేక నలుగురేసి జట్లుగా విడిపోయి అందరూ కదులుతున్నారా? అరగంటలో బంతి ఒక్కసారి కూడా అందని పిల్లవాడు ఎవడైనా ఉన్నాడా? మా అనుభవంలో ఈ ఒక్క లెక్క చాలావరకు గుట్టు విప్పుతుంది. ఒక సభ్యుడు మూలనున్న ఒక బలహీనుని ఎంచుకొని, అతనికి ఎన్ని సార్లు బంతి అందిందో కాగితం మీద గీతలు గీసుకుంటే సరిపోతుంది.

తప్పు చేసిన పిల్లవానితో శిక్షకుడు ఏమంటాడన్నది రెండవ విషయం. ఛీ, ఇది కూడా రాదా అన్నవాడు ఏమీ నేర్పలేదు. మడమ ఇటు తిప్పు, ఇప్పుడు తన్ను, అదీ అన్నవాడు నేర్పాడు. పేర్లు అడిగి తెలుసుకున్నాడా, లేక ఓయ్, నువ్వే అని పిలిచాడా అన్నది కూడా చిన్న విషయం కాదు. ఎండలో పిల్లలకు నీళ్లు తాగే వ్యవధి ఇచ్చాడా? మొదట ఒళ్లు వేడెక్కించే వ్యాయామం చేయించాడా? ఆ అరగంట తరువాత పిల్లలను ఏకాంతంగా పిలిచి, వీరిలో ఎవరి వద్దకు రేపు మళ్లీ వస్తావు అని అడిగితే వారి సమాధానాలు విలువైనవి. వారి మాటయే తుది తీర్పు కానక్కరలేదు. నవ్వించినవానికి వోట్లు ఎక్కువ పడడం సహజం.

మైదానం పని అయిన తరువాతనే బల్ల వద్ద సంభాషణ. ఇక్కడ ఒక నియమం పాటించాలి: అందరు అభ్యర్థులకు అవే ప్రశ్నలు, అదే వరుసలో. ఒకరిని ఊరు, వంశం అడిగి, మరొకరిని నియమావళి అడిగితే ఇద్దరినీ పోల్చడానికి ఆధారం ఉండదు. ఉద్యోగ నియామకాల మీద జరిగిన పరిశోధనలు కూడా, తోచినట్లు సాగే సంభాషణకంటె ముందుగా నిర్ణయించిన ప్రశ్నలతో సాగే మౌఖిక పరీక్షయే నమ్మదగినదని చెప్పుతున్నాయి.

ప్రశ్నలు పాఠశాల జీవితంలో నుండి పుట్టాలి. మీ ఆశయాలు ఏమిటి అని అడిగితే కంఠస్థం చేసిన ఉపన్యాసం వినవలసి వస్తుంది. దానికి బదులు ఇట్లా అడగవచ్చు. రంజాన్ నెలలో మీ జట్టులో సగం మంది ఉపవాసం ఉంటారు, సగం మంది ఉండరు. అంతర పాఠశాల పోటీలు పదిహేను రోజులలో ఉన్నాయి. సాధన ఏ వేళ పెడతారు, ఎంతసేపు? మన వంటి సంస్థలలో ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు, ఏటేటా ఎదురయ్యేదే. ఉపవాసం ఉన్నవారిని మిట్టమధ్యాహ్నం పరుగెత్తించేవాడూ, ఆ నెల అంతా జట్టునే మూసివేసేవాడూ ఇద్దరూ సమాధానం తెలియనివారే. ఇఫ్తార్‌కు ముందు కొద్దిసేపు తేలికపాటి సాధన చేయించి, కష్టమైనది రాత్రికో, ఇద్దరికీ వీలయ్యే మరొక వేళకో మార్చుతాను, పిల్లలను కూడా అడిగి నిర్ణయిస్తాను అన్నవాడు ఆలోచించినవాడు.

అట్లాగే: మీ జట్టులో అందరికంటె బాగా ఆడే బాలుడు పదవ తరగతి, మార్చిలో పరీక్షలు, తండ్రి వచ్చి ఆట మాన్పిస్తానంటున్నాడు. ఏమంటారు? బూట్లు కొనలేని పిల్లవాడు ఎంపికకు వచ్చాడు. ఏం చేస్తారు? ప్రధానోపాధ్యాయుల బంధువు కుమారుని జట్టులోకి తీసుకోమని మీకు కబురు వచ్చింది. ఈ చివరి ప్రశ్న అడగడానికి ప్రధానోపాధ్యాయులకే ధైర్యం ఉండాలి. అడిగినచో అభ్యర్థితో పాటు సంఘం సంగతి కూడా తెలుస్తుంది. తలదెబ్బ ప్రశ్న ఎటూ ఉండనే ఉన్నది.

బాలికల జట్టు విషయంలో మరికొంత చెప్పవలసి ఉన్నది. మా ప్రాంతంలో ఆడపిల్లలు ఆటలు మానివేయడానికి వారి అనాసక్తి కారణం కాదు; మైదానంలో ఎవరు ఉంటారు, బస్సులో ఎవరు వెంట వస్తారు అన్న తల్లిదండ్రుల ప్రశ్నలకు పాఠశాల సరియైన జవాబు చెప్పలేకపోవడమే ఎక్కువ సార్లు కారణం. మహిళా శిక్షకురాలు లభిస్తే ఆమెకు మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. లభించనపుడు ప్రతి సాధనకు, ప్రతి ప్రయాణానికి ఒక ఉపాధ్యాయిని తోడుగా ఉండే ఏర్పాటు నియామకానికి ముందే జరగాలి. తలపై గుడ్డ, పొడుగు చేతుల చొక్కా, కాళ్లు కప్పే దుస్తులు ధరించి ఆడదలచిన బాలికను ఆడించడానికి అభ్యర్థికి అభ్యంతరం ఉన్నదా అన్నది తేటగా అడగాలి. తలగుడ్డతో ఆడడాన్ని ప్రపంచ ఫుట్‌బాల్ నియమాలే 2014 నుండి అనుమతిస్తున్నాయి. ఇంకను తెలియని శిక్షకులు ఉన్నారు.

భద్రతకు సంబంధించిన చట్టం మాట సంఘ సభ్యులందరూ ఎరిగి ఉండాలి. లైంగిక నేరాల నుండి బాలల రక్షణ కోసం 2012లో వచ్చిన పోక్సో చట్టం కింద 2020లో చేసిన నియమావళి ప్రకారం, పాఠశాలలు, క్రీడా అకాడమీలు మొదలగు పిల్లలతో నిత్యసంబంధం గల సంస్థలు తమ సిబ్బంది ప్రతి ఒక్కరి విషయంలోను పోలీసు విచారణ, పూర్వచరిత్ర పరిశీలన జరిపించవలెను, అదీ ఒక్కసారి కాదు, కాలానుగుణంగా. నేరం జరిగిందని తెలిసి కూడా ఫిర్యాదు చేయకపోవడం ఆ చట్టం కింద శిక్షార్హం. మంచి కుటుంబం, మనకు తెలిసినవారే అన్న మాట ఈ విచారణకు ప్రత్యామ్నాయం కాదు.

సిఫారసు లేఖలను మేము పెద్దగా విశ్వసించము. తిట్టుతూ రాసిన సిఫారసు లేఖను ఇంతవరకు ఎవరూ చూచి ఉండరు. అభ్యర్థి అంతకుముందు పనిచేసిన పాఠశాల ప్రధానోపాధ్యాయునితో టెలిఫోనులో ఐదు నిమిషాలు మాట్లాడడం మేలు. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: వారిని మీరు మళ్లీ నియమించుకుంటారా? అవతలివారు జవాబు చెప్పేముందు ఎంతసేపు ఆగారన్నది కూడా ఒక జవాబే.

తీర్పు చెప్పే విధానంలోను కొంత క్రమం కావాలి. అభ్యర్థికి బంధువైన సభ్యుడు ఆనాడు సంఘంలో కూర్చోరాదు. ప్రతి సభ్యుడు చర్చకు ముందే తన మార్కులు కాగితం మీద వేసి మడిచి ఇవ్వాలి. లేనిచో అధ్యక్షుల వారి నోట వచ్చిన మొదటి మాటయే అందరి మాట అవుతుంది. అధ్యక్షులు చివర మాట్లాడడం మంచిది. మైదానంలో కనబడిన పనికి సగం మార్కులు, సంభాషణకు పావు, విద్యార్హతలకు, పూర్వానుభవానికి పావు అన్న లెక్క మాకు సబబుగా తోస్తున్నది. పిల్లల భద్రత విషయంలో తప్పినవానికి తక్కిన మార్కులు ఎన్ని వచ్చినా నియామకం లేదు. అది కలిపి తీసివేసే లెక్క కాదు.

నియామకం మొదట ఒక సంవత్సరానికి చేయాలి. ఏడాది చివర పరిశీలించవలసినవి కప్పులు ఒక్కటే కాదని ఉత్తర్వులోనే రాయాలి: జూన్‌లో చేరిన పిల్లలలో ఫిబ్రవరి నాటికి ఎందరు నిలిచారు, కొత్తగా ఎందరు చేరారు, గాయాల పుస్తకంలో ఏమి రాసి ఉన్నది, పరీక్షలలో జట్టు పిల్లలు ఎట్లా ఉన్నారు. జీతం విషయం కూడా అప్పుడే తేల్చాలి. గణితం మాస్టారుకు ఇచ్చేదానిలో సగం ఇచ్చి, పూర్తి మనిషిని ఆశించే యాజమాన్యాలకు మేము పైన చెప్పినదేదీ ఉపకరించదు.

పాఠశాల జూన్‌లో తెరుస్తారు కనుక ప్రకటన ఫిబ్రవరిలో, మైదాన పరీక్ష మార్చి మొదటి వారంలో, వార్షిక పరీక్షలకు ముందే జరిగితే పిల్లలు అందుబాటులో ఉంటారు. ఎన్నిక కాని అభ్యర్థులకు కూడా వారం లోపల ఉత్తరం రాయాలి. వారిలో రెండవ స్థానంలో నిలిచినవారి దరఖాస్తును జాగ్రత్తగా దాచి ఉంచాలి. సంవత్సరం మధ్యలో శిక్షకుడు వేరొక చోటికి వెళ్లిపోవడం తరచుగా జరిగేదే.